శీతల ఎడారిలో పశువుల తాగునీరు: పరికరానికి ముందు వేడి లెక్క

లద్దాఖ్‌లోని చాంగ్‌థాంగ్ పీఠభూమిలో జనవరి రాత్రులలో ఉష్ణోగ్రత మైనస్ 30 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోవడం అసాధారణం కాదు. సాయంత్రం తొట్టిలో మిగిలిన నీరు తెల్లవారేసరికి అడుగు వరకు గడ్డకట్టి ఉంటుంది. పష్మీనా మేకలు, గొర్రెలు, యాక్‌లు అప్పటికే వారాల తరబడి ఎండు మేతతో నెట్టుకొస్తుంటాయి. ఆడ మేకలలో అధిక భాగం చూలుతో ఉంటాయి. ఎండు మేత తినే పశువుకు నీరు చాలకపోతే మొదట తగ్గేది దాని మేత. మేత తగ్గిన చూడి మేక బలహీనమైన పిల్లను ఈనుతుంది. ఆ పిల్లకు సరిపడా పాలు కూడా ఇవ్వలేదు. చలికాలంలో కాపరి చవిచూసే నష్టంలో కొంత భాగం చలి వలన కాక దాహం వలన కలుగుతున్నదన్న సంగతి విస్తరణ కార్యక్రమాలలో ఇంకా తగినంతగా గుర్తింపు పొందలేదు.

విద్యుత్తు నిరంతరాయంగా అందే చోట ఇది సమస్యే కాదు. థర్మోస్టాట్ అమర్చిన చిన్న హీటరు తొట్టిలో వేస్తే సరిపోతుంది. విద్యుత్తు లేని చోట ఏం చేయాలన్న ప్రశ్నకు సాధారణంగా వచ్చే జవాబు ఒక పరికరం పేరు. ఉత్తర అమెరికా మైదానాలలో వాడే 'విద్యుత్తు అక్కరలేని తొట్టి'ని తెప్పించి రాయితీపై పంచితే సమస్య తీరుతుందనే భావన వినడానికి సబబుగానే ఉంటుంది. అయితే ఆ తొట్టి అక్కడ ఎందుకు పనిచేస్తుందో లెక్క కట్టి చూస్తే, లద్దాఖ్‌లోని ఒక సగటు మందకు అది ఎందుకు పనికిరాకపోవచ్చునో కూడా అదే లెక్క చెబుతుంది. పరికరాన్ని ఎంచే ముందు వేడి ఎక్కడి నుంచి వస్తున్నది, ఎటు పోతున్నది అని కొలవడం విస్తరణ శాస్త్రవేత్త మొదటి పని కావాలి.

ఈ విషయానికి తెలుగు పాఠకులతో సంబంధమేమిటన్న సందేహం సహజం. వ్యవసాయ పరిశోధన సేవకు ఎంపికైన నవ శాస్త్రవేత్తలు హైదరాబాద్, రాజేంద్రనగర్‌లోని జాతీయ వ్యవసాయ పరిశోధన యాజమాన్య అకాడమీలో శిక్షణ పొంది దేశం నలుమూలలకూ వెళతారు. కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థకు లేహ్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. తిరుపతిలోనో రాజేంద్రనగర్‌లోనో చదివిన విద్యార్థికి అక్కడ పనిచేయవలసి రావచ్చు. వడదెబ్బ, వేసవి దాహం గురించి మన పాఠ్యాంశాలు నేర్పినంతగా గడ్డకట్టే నీటి గురించి నేర్పవు. భాష కూడా ఇక్కడ కొంత అడ్డుపడుతుంది. తెలుగులో 'మంచు' అన్న ఒక్క మాట ఆకు మీది తుషారానికీ, ఉదయపు పొగమంచుకూ, ఆకాశం నుంచి రాలే హిమానికీ, గడ్డకట్టిన నీటికీ చెల్లుతుంది. లంబసింగిలో కొన్ని డిసెంబరు ఉదయాలలో గడ్డిపై కనబడే తెల్లని పొరకూ, చాంగ్‌థాంగ్ తొట్టిలోని గడ్డకూ పోలిక లేదు. అందుచేత ఈ వ్యాసంలో రాలే మంచును హిమమనీ, గడ్డకట్టిన నీటిని మంచుగడ్డ అనీ వేరుచేయడమైనది.

లెక్కకు కావలసిన భౌతికశాస్త్రం ఇంటర్మీడియట్ స్థాయిదే. ఒక కిలో నీరు 5 డిగ్రీల నుంచి సున్నాకు చల్లబడేటప్పుడు కోల్పోయే వేడి సుమారు 21 కిలోజౌళ్లు. అదే నీరు సున్నా దగ్గర ఉండి గడ్డకట్టడానికి కోల్పోవలసిన గుప్తోష్ణం 334 కిలోజౌళ్లు, అంటే దాదాపు 16 రెట్లు. దీని నుంచి క్షేత్రస్థాయిలో నేరుగా పనికివచ్చే సలహా ఒకటి ఉంది. ఉదయం గొడ్డలితో పగులగొట్టిన గడ్డలను తొట్టిలోనే వదిలేస్తే, కిలో గడ్డ కరగడానికి 5 డిగ్రీల నీరు 16 కిలోల వేడి ఖర్చవుతుంది. కష్టపడి మోసుకొచ్చిన తాజా నీరు గడ్డను కరిగించడానికే సరిపోతుంది. ముక్కలను తీసి బయట పారవేసిన తరువాతనే నీరు పోయాలి. నీటి సాంద్రత 4 డిగ్రీల వద్ద గరిష్ఠం కనుక లోతైన పాత్రలో వెచ్చని నీరు అడుగున నిలుస్తుంది, గడ్డ పైన ఏర్పడుతుంది. వెడల్పైన లోతులేని తొట్టి కంటే ఇరుకైన లోతైన పాత్ర మేలు కావడానికి ఇది ఒక కారణం. చల్లగాలికీ ఆకాశానికీ తెరుచుకున్న వైశాల్యం తగ్గడం అంతకన్నా పెద్ద కారణం.

ఇక బహుళ ప్రచారం పొందిన ఒక చిట్కా. ఉప్పునీరు నింపి మూత బిగించిన సీసాలను తొట్టిలో తేలవేస్తే నీరు గడ్డకట్టదని చెబుతారు. సీసాలోని ఉప్పు సీసాలోని నీటినే కాపాడుతుంది. బయటి నీటి ఘనీభవన స్థానాన్ని అది మార్చలేదు, అక్కడ కొత్త వేడి ఏదీ పుట్టదు. గాలికి సీసా కదిలి సున్నా డిగ్రీలకు కొద్దిగా దిగువన పలుచని పొరను చెదరగొట్టవచ్చు, అంతే. ఉప్పును నీటిలోనే కలిపితేనో? ఘనీభవన స్థానం ఒక్క డిగ్రీ తగ్గాలంటే లీటరుకు దాదాపు 16 గ్రాముల ఉప్పు కావాలి. లీటరుకు 10 గ్రాములకు మించి లవణాలున్న నీటినే పశువులకు తాగించరాదని ప్రమాణాలు చెబుతున్నప్పుడు ఈ మార్గం అక్కడే మూసుకుపోతుంది. వాహనాలలో వాడే గ్లైకాల్ సంగతి చెప్పనక్కరలేదు. ఇథిలీన్ గ్లైకాల్ ప్రాణాంతక విషం. ఇలాంటి చిట్కాలను 'రైతుల ఆవిష్కరణలు' అన్న గౌరవంతో పరీక్షించకుండా సంకలనాలలో చేర్చడం రైతుకు గౌరవం కాదు.

విద్యుత్తు లేకుండా పశువుల నీటిని కాపాడుకోవడం అమెరికా, కెనడా మైదానాలకు కొత్త కాదు. అమెరికాలో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ 1935లో ఏర్పడే నాటికి పదింట తొమ్మిది గ్రామీణ గృహాలకు కరెంటు లేదు. గాలిమర తోడిన నీరు పెద్ద తొట్టిలో నిలిచేది. అందులో ముంచి ఉంచిన ఇనుప పొయ్యిలో మొక్కజొన్న బెండ్లు, కట్టెలు, బొగ్గు కాల్చేవారు. లేనివారు గొడ్డలి పట్టేవారు. విద్యుత్తు చేరని దూరపు మేతబీళ్ల కోసం తరువాతి కాలంలో రూపొందినదే నేటి విద్యుత్తు అక్కరలేని తొట్టి. రెండు ప్లాస్టిక్ గోడల మధ్య నురుగు పదార్థం, పైన మూత, మూతలోని రంధ్రాలలో తేలే బంతులు, కింద భూమిలోకి నేల గడ్డకట్టే లోతును దాటి దింపిన వెడల్పాటి గొట్టం, దాని మధ్యగా పైకి వచ్చే నీటి పైపు. ఆవు మూతితో బంతిని నొక్కి తాగుతుంది. తల తీయగానే బంతి తిరిగి రంధ్రాన్ని మూస్తుంది.

దీనిని 'భూతాపంతో పనిచేసే తొట్టి' అని వర్ణించడం వాడుక. ఆ వర్ణన సగమే నిజం. రెండు మీటర్ల లోతున నేల 6 డిగ్రీలు, ఉపరితలం సున్నా ఉన్నదనుకుంటే, మట్టి గుండా నిలువునా పైకి ప్రవహించే వేడి చదరపు మీటరుకు నాలుగైదు వాట్లు మాత్రమే. గొట్టంలోని గాలి కదలిక వలన మరికొంత చేరవచ్చు. నీటి పైపు గడ్డకట్టకుండా చూడటానికి అది అవసరం, చాలావరకు చాలుతుంది కూడా. తొట్టిని కాపాడే వేడి మాత్రం ప్రధానంగా మరో దారిన వస్తుంది. పశువు తాగిన ప్రతిసారీ భూగర్భం నుంచి వచ్చి చేరే తాజా నీరే ఆ వేడిని మోసుకొస్తుంది.

అంకెలతో చూస్తే ఇది స్పష్టమవుతుంది. మైనస్ 20 డిగ్రీల గాలిలో ఒక చదరపు మీటరు తెరచిన నీటి ఉపరితలం సుమారు 500 వాట్లు కోల్పోతుందనుకుందాం. వచ్చే నీరు 6 డిగ్రీలది, తొట్టిలో 1 డిగ్రీ వరకు చల్లబడటానికి అనుమతిస్తే లీటరు నీరు ఇచ్చే వేడి 21 కిలోజౌళ్లు. ఆ నష్టాన్ని పూడ్చడానికి రోజుకు 2,000 లీటర్లకు పైగా నీరు తొట్టి గుండా పోవాలి. చలికాలంలో పాలివ్వని చూడి ఆవు రోజుకు 30 లీటర్లు తాగుతుందనుకుంటే దాదాపు 70 ఆవులు కావాలి. మూత, బంతులు, నురుగు గోడలతో నష్టాన్ని 100 వాట్లకు తగ్గిస్తే 410 లీటర్లు, అంటే 14 ఆవులు సరిపోతాయి. మైదానాల రైతుకు 14 ఆవులు పెద్ద మంద కాదు. అందుకే అక్కడ తొట్టి విజయవంతమైంది. అదే తొట్టికి పశువులు తక్కువైతే బంతులు గడ్డలో ఇరుక్కుపోతాయి. పశువులు తాగడమే తొట్టికి వేడి. తయారీదారులు ఒక్కో నమూనాకు కనీస పశుసంఖ్యను సూచించేది ఇందుకే.

ఇప్పుడు ఆవు స్థానంలో మేకను ఉంచి చూడాలి. చలికాలంలో మేక రోజుకు రెండు, రెండున్నర లీటర్లు తాగుతుందనుకుంటే 410 లీటర్లకు 160కి పైగా మేకలు కావాలి. అదీ మైనస్ 20 దగ్గర, 6 డిగ్రీల నీరు పైపులో నిరంతరం అందుతున్నప్పుడు. చాంగ్‌థాంగ్‌లో చలి ఇంకా తీవ్రం. పైపు నీరు లేని చోట్లే అధికం. నేల గడ్డకట్టే లోతు కూడా అంతే అనుకోవడానికి లేదు. పైగా చాంగ్‌పా కాపరులు మందతో మేతబీళ్లు మారుతారు. రెండు మీటర్ల గోతిలో పాతిన తొట్టి వారి వెంట రాదు.

కెనడా పరిశోధనలలోనే మరో పాఠం ఉంది, అది తొట్టి కంటే విలువైనది. నీటిని గడ్డకట్టకుండా ఎలా ఉంచాలన్న ప్రశ్నకు ముందు పశువుకు ద్రవరూపంలో నీరు తప్పనిసరా అని అల్బర్టా విశ్వవిద్యాలయంలో యంగ్, డేగన్ అనే శాస్త్రవేత్తలు 1980 ప్రాంతంలో పరిశీలించారు. హిమాన్ని మాత్రమే నీటి వనరుగా పొందిన మాంసజాతి ఆవులు కొద్ది రోజులలోనే దానికి అలవాటుపడి బరువులో వెనకబడకుండా చలికాలం గడిపాయి. మైనస్ 10 డిగ్రీల హిమాన్ని కిలో చొప్పున కరిగించి శరీర ఉష్ణోగ్రతకు తేవడానికి పశువుకు సుమారు 516 కిలోజౌళ్లు ఖర్చవుతుంది. సున్నా డిగ్రీల నీటికైతే 161. మూడు రెట్లకు పైగా ఉన్న ఈ తేడాను నెమరువేసే పశువు కడుపులో మేత పులియడం వలన ఎలాగూ పుట్టే వేడి చాలావరకు భరిస్తుంది. అయితే ఇది శుభ్రమైన, పొడిగా ఉండే హిమం సమృద్ధిగా దొరికే చోట, మేత నిండుగా ఉన్న, పాలివ్వని పశువుకు చెల్లే మాట. లేహ్‌లో ఏడాది మొత్తం వర్షపాతం, హిమపాతం కలిపి 100 మిల్లీమీటర్ల ప్రాంతంలోనే ఉంటుంది. గాలి ఈడ్చుకుపోయిన తరువాత నేలపై మిగిలేది ధూళి కలిసిన గట్టి పొర. మేత అరకొరగా ఉన్న చూడి మేకను దానికి వదిలేయడం ఈ పరిశోధన చెప్పిన మాట కాదు. కెనడా ఫలితాన్ని లద్దాఖ్‌లో ఉదహరించేవారు మొదటి సగమే ఉదహరించకూడదు.

మైదానాల రైతుకూ లద్దాఖ్ కాపరికీ ఉన్న అసలు భేదం చలిలో లేదు, శ్రమ వ్యవస్థలో ఉంది. అక్కడ వందల పశువులకు మనిషి రోజుకొకసారి వచ్చి చూసిపోతాడు. కనుక 24 గంటలూ తెరచి ఉండే, తనంత తానే పనిచేసే తొట్టి అతనికి కావాలి. ఇక్కడ కాపరి మందతోనే ఉంటాడు. మేకలను రాత్రి దొడ్డికి తోలి ఉదయం విప్పుతాడు. అతనికి 24 గంటల తొట్టి అక్కరలేదు. ఉదయం 11 గంటలకూ, మధ్యాహ్నం 3 గంటలకూ 200 లీటర్ల ద్రవ నీరు చేతికి అందితే చాలు. నీటి నిల్వనూ, నీరు తాగే తొట్టినీ వేరు చేయవచ్చు. నిల్వ మూసి ఉంటుంది. తొట్టిని తాగే వేళకు నింపి, మిగిలినది తిరిగి నిల్వలో పోసి బోర్లిస్తారు. రాత్రంతా తెరచిన నీటిని కాపాడే ప్రయాసే ఉండదు.

ఇది అసాధ్యమేమీ కాదని చిన్న లెక్క చూపుతుంది. 200 లీటర్ల డ్రమ్ము ఉపరితలం సుమారు రెండు చదరపు మీటర్లు. దాని చుట్టూ, కిందా, పైనా ఐదారు సెంటీమీటర్ల మందాన ముతక ఉన్ని కప్పి, ఉన్ని తడవకుండా, గాలి చొరకుండా పైన ఒక టార్పాలిన్ తొడిగితే, బయట మైనస్ 25 డిగ్రీలు ఉండి నీరు 5 డిగ్రీల వద్ద ఉన్నపుడు నష్టం 50 వాట్లకు మించదు. 16 గంటలలో నీరు మూడున్నర డిగ్రీలు చల్లబడుతుంది, గడ్డకట్టదు. అదే డ్రమ్మును పశువులను కట్టే కింది అంతస్తులో ఉంచితే నష్టం సగమవుతుంది. సంప్రదాయ లద్దాఖ్ ఇంట్లో పశువులకు నేల అంతస్తు కేటాయించడంలో ఈ వివేకమే ఉంది. పశువుల వేడిని ఇంటికి వాడుకున్నవారికి దానిని నీటికి కూడా వాడుకొమ్మని చెప్పడానికి విదేశీ కరపత్రం అక్కరలేదు.

ఉష్ణబంధకంగా గడ్డి కాక ఉన్నిని సూచించడానికి కారణం ఉంది. పాఠ్యపుస్తకాలు గడ్డిని చౌకైన ఉష్ణబంధకం అంటాయి. లద్దాఖ్‌లో బార్లీ గడ్డి చలికాలపు మేత. అక్కడ అది చౌక కాదు. ఎండిన పేడ ఇంధనం. పష్మీనా తీసిన తరువాత మిగిలే ముతక వెంట్రుక, మంచి ధర పలకని గొర్రె ఉన్ని మాత్రం ఉన్నాయి. ఒక ప్రాంతంలో వ్యర్థమైనది మరో ప్రాంతంలో ఆహారమైనప్పుడు సాంకేతిక సిఫారసు మారక తప్పదు.

వేడిని కలపడానికి సూర్యుడున్నాడు. లేహ్ ప్రాంతంలో చలికాలపు పగలు తీవ్రమైన చలితో పాటు తీవ్రమైన ఎండ కూడా ఉంటుంది. అక్కడి ఇళ్లకు, పాఠశాలలకు దక్షిణపు గోడ వెనుక ఎండను పట్టి ఉంచే నిర్మాణాలు దశాబ్దాలుగా ప్రచారంలో ఉన్నాయి. దక్షిణ ముఖంగా ఒక చదరపు మీటరు అద్దం వెనుక నల్లరంగు వేసిన డ్రమ్మును పగలు ఉంచితే, ఆ అద్దంపై రోజుకు 5 కిలోవాట్ గంటల ఎండ పడి అందులో మూడో వంతు నీటికి చేరిందనుకున్నా 200 లీటర్ల నీరు 7 డిగ్రీలు వేడెక్కుతుంది. రాత్రి నష్టానికి ఇది రెట్టింపు. ఊట నీరు దొరికే చోట ఆ పాటి అద్దం కూడా అవసరం లేకపోవచ్చు. చలికాలమంతా గడ్డకట్టకుండా పారే ఊటల ఉష్ణోగ్రతను, ప్రవాహాన్ని నెలవారీగా కొలిచి పటంపై గుర్తించడం ఒక స్నాతకోత్తర విద్యార్థి సిద్ధాంత వ్యాసానికి సరిపడే పని.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. డ్రమ్మును జరపడం, తొట్టిని నింపడం, బోర్లించడం అంతా చాకిరీ. ఆ చాకిరీ ఎక్కువగా ఇంటి ఆడవారి మీద పడుతుంది. యువకులు మందలను విడిచి లేహ్ పట్టణంలో పర్యాటకం, ఇతర ఉపాధి వైపు వెళుతున్న కాలంలో శ్రమపై ఆధారపడే సిఫారసు ఎంతకాలం నిలుస్తుంది? ఈ అభ్యంతరాన్ని తోసిపుచ్చలేము. డ్రమ్ముకు చక్రాల బండి, అడుగున కుళాయి, ఎత్తైన తిన్నె వంటివి శ్రమను తగ్గిస్తాయి కాని తొలగించవు. ఒకే చోట పెద్ద సంఖ్యలో పశువులుండి, పైపు నీరు అందే ప్రభుత్వ పశుక్షేత్రాలలో విద్యుత్తు అక్కరలేని తొట్టి నిస్సందేహంగా తగినదే. వ్యతిరేకించవలసింది తొట్టిని కాదు, పశుసంఖ్యను గాని నీటి మూలాన్ని గాని అడగకుండా కుటుంబానికి ఒకటి చొప్పున పంచే పద్ధతిని. పంచిన తొట్ల సంఖ్య నివేదికలో చేరుతుంది. ఫిబ్రవరి ఉదయం వాటిలో ఎన్నింటిలో నీరు ద్రవంగా ఉందన్నది చేరదు.

పరిపాలనా ప్రమాణాలు కూడా లీటర్ల దగ్గరే ఆగిపోయాయి. కేంద్రం అమలుచేసిన పాత గ్రామీణ నీటి సరఫరా నిబంధనలు మనిషికి రోజుకు 40 లీటర్లు, ఎడారి అభివృద్ధి కార్యక్రమం అమలైన ప్రాంతాలలో పశువుల కోసం అదనంగా 30 లీటర్లు నిర్ణయించాయి. శీతల ఎడారిగా లద్దాఖ్ ఆ కార్యక్రమంలో భాగమే. రాజస్థాన్‌కూ లద్దాఖ్‌కూ ఒకే 30 లీటర్లు. గడ్డకట్టిన 30 లీటర్లు పశువుకు సున్నాతో సమానమన్న విషయం ఆ లెక్కలో లేదు. శీతల ప్రాంతాలకు నీటి ప్రమాణాన్ని పరిమాణంతో పాటు తాగే వేళ ఉండవలసిన ఉష్ణోగ్రతతోనూ నిర్దేశించాలి.

సేద్య విజ్ఞాన శాస్త్రవేత్తలు ఈ చర్చను పశువైద్యులకు, ఇంజనీర్లకు వదిలేసి పక్కకు తప్పుకోవడం కూడా సరికాదు. చలికాలపు దాహం కొంతవరకు మేత సమస్య. పచ్చి లూసర్న్‌లో నాలుగింట మూడు వంతులకు పైగా నీరే. ఎండబెట్టినపుడు మిగిలేది 15 శాతం లోపు. వేసవిలో మేతతో పాటు పశువుకు చేరే నీటిని మనమే ఎండబెట్టి తీసివేసి, చలికాలంలో ఆ లోటును తొట్టితో పూడ్చవలసి వస్తున్నది. లద్దాఖ్ లోయలలో టర్నిప్, బంగాళాదుంప వంటివాటిని నేల గోతులలో చలికాలానికి దాచే అలవాటు ఎప్పటి నుంచో ఉంది. టర్నిప్‌లో సుమారు 90 శాతం నీరు. రోజుకు అరకిలో ముక్కలు మేకకు అందితే దాదాపు అర లీటరు నీరు, అంటే దాని అవసరంలో ఐదో వంతు, మేతగానే చేరుతుంది. సాగుకు వీలులేని ఎత్తైన చాంగ్‌థాంగ్‌లో ఇది కుదరదు. లేహ్ చుట్టుపక్కల లోయలలో, షామ్, నుబ్రా ప్రాంతాలలో కుదురుతుంది. బార్లీ కోసిన పొలంలో చలి ముదిరేలోగా స్వల్పకాలిక టర్నిప్ ఎంత దిగుబడి ఇస్తుంది, దానికి ఎన్ని తడులు కావాలి, గోతిలో ఎంత శాతం మార్చి వరకు చెడకుండా నిలుస్తుంది అన్న ప్రశ్నలు పూర్తిగా సేద్య విజ్ఞానానికి చెందినవి.

పరిశోధనకు పెద్ద ప్రాజెక్టు కోసం ఎదురుచూడనక్కరలేదు. ఒక గ్రామంలో సమాన సంఖ్యలో మేకలున్న కొన్ని కుటుంబాలను ఎంచి, సగం చోట్ల ఉన్ని కప్పిన డ్రమ్ము, సగం చోట్ల ఇప్పటి పద్ధతి కొనసాగించి, నవంబరు నుంచి మార్చి వరకు రోజూ తాగే వేళ నీటి ఉష్ణోగ్రత, తాగిన లీటర్లు, తిన్న మేత, నీటికై ఇంటివారు వెచ్చించిన నిమిషాలు, చివరన పుట్టిన పిల్లల బరువు నమోదు చేయాలి. కావలసిన సాధనాలు ఉష్ణమాపకం, గుర్తులు గీసిన బకెట్టు, గడియారం, వేలాడదీసే త్రాసు. చివరి రెండు అంకెలలో మెరుగుదల లేకపోతే డ్రమ్మును కూడా సిఫారసు చేయవద్దు.